రెండు వేళ్ళ సందు

నరసాపురం రేవులో పంటు దిగి
బెల్లం కొట్ల సందులోకి తిరిగితే
మూడో గడప దావూద్ మేస్త్రిది.
పన్నెండేళ్ళప్పుడు నన్నక్కడ కాజాలకి కూర్చోబెట్టారు.
సూది కంటే ముందు ఆయన చేతికిచ్చింది
ఓ అట్ట పుస్తకం, చెవి మీద పెట్టుకోడానికో పెన్సిలు.
"నేను చెప్తా, నువ్వు రాయి.
అంకె తప్పితే గుడ్డ క్షమించదురా."

మెడ పదిహేనున్నర. ఛాతీ ముప్పై ఎనిమిది.
ఊపిరి బిగబట్టి నిలబడ్డవాడి వీపు తట్టేవాడు:
"ఆయ్, వదిలెయ్యండి బాబూ,
రేపు అన్నం తినేది ఈ పొట్టేగా."

చొక్కా ఎలా ఉండాలో ఎప్పుడూ పాఠంగా చెప్పలేదు.
కాలరు గుండీ పెట్టించి
గొంతుకీ గుడ్డకీ మధ్య
తన రెండు వేళ్ళు దూర్చి చూసేవాడు.
మూడు దూరితే అరువు చొక్కా,
ఒకటే దూరితే ఉరి.
ఆ మాటకి తనే నవ్వి
వీధిలోకెళ్ళి కిళ్ళీ ఉమ్మొచ్చేవాడు.

భుజం కుట్టు ఎముక చివరే ఆగాలి.
జారిందా, అన్నది తొడుక్కున్న తమ్ముడు.
ప్యాంటు అంచు చెప్పు మీద ఒక్కసారి విరగాలి.
చేలగట్ల మీద తిరిగేవాళ్ళకి మాత్రం
అంగుళం పైకి.
"మన రేగడి బురద సంగతి
బొంబాయి కటింగుకేం తెలుసు?"

కొబ్బరి దింపు తీసే వీర్రాజుకి
చంకలో నాలుగు పలకల ముక్కొకటి అదనం.
చెట్టు మొవ్వులోకి చెయ్యి చాపినపుడు
కిందున్నవాళ్ళకి వాడి కత్తి కనపడాలి,
మొలతాడు కాదు.
రొయ్యల చెరువు కాపలావాడికి
టార్చిలైటు మునిగేంత జేబు.
గడ వేసీ వేసీ కుడి భుజం కుంగిన ఓలేటి పల్లయ్యకి
ఆ వైపు లోపల రెండు మడతల కాన్వాసు.
కూతురి పెళ్ళి ఫోటోలో పల్లయ్య
సరితూగిన తక్కెడలా నిలబడ్డాడు.
"అబద్ధం కదా మేస్త్రీ" అన్నాను.
"నిజం పుస్తకంలో రాశావుగా.
చొక్కా కూడా చెప్పాలా?"

సఖినేటిపల్లి నుంచి భానోజీ మేష్టారు
బళ్ళు తెరిచే ముందు ఏటా రెండు జతలు.
లెక్కలు చెప్పేవారు. ఎప్పుడూ ఛాతీ నలభై.
ఆ ఏడు టేపు చుట్టూ తిరిగొచ్చి
ముప్పై ఆరు దగ్గర కలిసింది.
"నలభై" అన్నాడు దావూద్ మేస్త్రి, గట్టిగా.
నేను తలెత్తాను.
ఆయన బొటనవేలి గోరు ముప్పై ఆరు మీద,
కళ్ళు నా పెన్సిల్ మీద.
ముప్పై ఆరు రాశాను.
"అయితే అలాగే ఉన్నానన్నమాట"
అద్దంలోకి చూసుకున్నారు మేష్టారు.
"ఆయ్. ఈ మధ్య గుడ్డలే సాగిపోతున్నాయండి."

లెక్కల మేష్టారికి
ఆ లెక్క తెలియలేదని నేననుకోను.

మరుసటేడు ముప్పై మూడు.
నోటితో మళ్ళీ నలభయ్యే.
ఆ చొక్కాకి పక్క కుట్టుల్లో
రెండేసి అంగుళాల గుడ్డ లోపలికి వదిలాడు.
"అంతెందుకండీ?"
"ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి."
ఇస్త్రీ చేసేటప్పుడు
ఆ మడత మీద పెట్టెని చాలాసేపు ఉంచేశాడు.

ఇప్పుడు మిషను నాది, పుస్తకం నాది.
కుర్రాళ్ళు చర్మమే కుట్టమంటున్నారు.
మొన్న ముసురులో
మేష్టారి అబ్బాయి పాత చొక్కా పట్టుకొచ్చాడు.
సోమవారం ఉద్యోగంలో చేరాలి,
ఇదే వేసుకెళ్ళాలి.

పక్క కుట్లు విప్పాను.
పదకొండేళ్ళుగా ఎండ చూడని నీలం,
దాని మీద చెరగని సుద్ద గీత.
ఛాతీకి సరిపోయింది. చేతులకీ సరిపోయింది.
కాలరులో మాత్రం వదలడానికి గుడ్డుండదు కదా.
వేళ్ళు దూర్చి చూశాను.
ఒకటే దూరింది.

"పై గుండీ పెట్టుకోకండి బాబూ."

"మా నాన్నగారు పెట్టుకునేవారండి"
అంటూ పెట్టుకున్నాడు.